‘సరిపోద్దిలే’ అనని మాస్టారు

మాస్టారు పోయారన్న కబురు నేను కొట్టు షట్టరు ఎత్తుతుండగా వచ్చింది. కాలేజీ అటెండరు సైకిలు దిగకుండానే ఒక కాలు నేలకు ఆనించి, "మీ కామర్సు సారు తెల్లారగట్ట పోయారండీ, గుండెపోటంట" అన్నాడు. సన్నగా వాన పడుతోంది. సగం పైకి లేచిన షట్టరును అలాగే పట్టుకుని, "ఎవరూ, మన సారేనా?" అని ఒక తెలివితక్కువ ప్రశ్న అడిగాను. అతను తలూపి, ఇంకా చాలామందికి చెప్పాలంటూ వెళ్లిపోయాడు.

నరసరావుపేటలో సిమెంటూ ఇనుమూ అమ్ముకునే కొట్టు నాది. మాస్టారు నాకు డిగ్రీలో కామర్సు చెప్పారు. అయితే క్లాసులో చెప్పినదానికంటే, ఆ తర్వాత నా కొట్టుకొచ్చి సిమెంటు బస్తాల మీద కండువా పరుచుకుని కూర్చుని చెప్పిందే ఎక్కువ. క్లాసులో విన్నది పరీక్ష రాసి మర్చిపోయాను. బస్తాల మీద విన్నది మర్చిపోదామన్నా పోవడం లేదు.

ఆ రోజు కాలేజీ నోటీసు బోర్డు మీద సుద్దతో సంతాపం రాశారు. పేరుకు ముందు ‘డాక్టర్’ అని పెట్టారు. ఇన్నేళ్లుగా ఆయన పరిశోధన చేస్తున్నారని అందరికీ తెలుసు కాబట్టి, అది ఎప్పుడో పూర్తయిపోయి ఉంటుందని రాసినవాడు అనుకున్నట్టున్నాడు. కాసేపటికి ఆఫీసు గుమస్తా వచ్చి, రికార్డుల్లో అలా లేదని చెప్పి, తడిగుడ్డతో ఆ ఒక్క మాటా తుడిచేశాడు. చూసినవాళ్లు అయ్యో అన్నారు. మాస్టారే ఉండుంటే గుమస్తా భుజం తట్టేవారు. తప్పు కనపడగానే దిద్దే మనిషి కోసం ఆయన చాలా ఏళ్లు వెతికారు మరి.

ఆయన పరిశోధన దేనిమీదో ఊళ్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. ‘సిమెంటు మీద ఏదో చదువుతున్నాడంట’ అనుకునేవారు. ఆయన చదివింది సిమెంటును కాదు, మనుషుల్ని. ఒక సంస్థలో పని నాణ్యత ఎలా నిలబడుతుంది, ఎక్కడ జారిపోతుంది అన్నది ఆయన పట్టుకున్న ప్రశ్న. జపానులో కార్మికులు గుండ్రంగా కూర్చుని తమ పనిలో లోపాలు తామే చెప్పుకుంటారనీ, ఆ పద్ధతి మన ఫ్యాక్టరీల్లోకి కూడా వస్తోందనీ అప్పుడప్పుడే పత్రికల్లో రాస్తున్నారు. మాస్టారు గుంటూరు బస్సెక్కి వెళ్లి ఆ ఇంగ్లీషు పత్రికలు తెచ్చుకుని, అంచుల్లో పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదివేవారు. నాకు అర్థమయ్యేట్టు చెప్పండి అంటే, "ఆవకాయ కలిపేటప్పుడే ఉప్పు చూసుకోవాల్రా. బూజు పట్టాక జాడీ మూత తీసి ఎంత పరీక్షగా చూస్తే మాత్రం ఏం లాభం?" అన్నారు.

"అంతేనా సార్? దీనికి పరిశోధన ఎందుకండీ, మా అమ్మ చెప్తుంది" అన్నాను.

"అంతే. కాకపోతే, ఉప్పు తగ్గిందని మీ అమ్మతో చెప్పే ధైర్యం మీ ఇంట్లో ఎవరికుంది? నా పరిశోధన దాని మీద" అన్నారు. మా నాన్నకు లేదు, నాకు లేదు. ఆ సంగతి ఆయనకెలా తెలిసిందోనని ఆశ్చర్యపోయాను.

ఆయనకు గిట్టని మాట ఒకటుంది. సరిపోద్దిలే. మా పల్నాట ఆ మాట లేకుండా ఏ పనీ పూర్తికాదు. తాపీ పనివాడు ఇసుక రెండు తట్టలు ఎక్కువ కలిపి సరిపోద్దిలే అంటాడు. చొక్కా భుజాల దగ్గర పట్టేసిందంటే దర్జీ సరిపోద్దిలే అంటాడు. పెళ్లికొడుక్కి కాస్త వయసు ముదిరిందంటే పెద్దమనుషులు సరిపోద్దిలే అంటారు. నేను బేరాల్లో పొద్దుగూకులూ ఆ మాటే అనేవాణ్ణి. బస్తాల మీద నుంచి మాస్టారు "ఎవరికి సరిపోద్దిరా?" అని అడిగేవారు. కొనేవాడి ముందే అడిగేవారు. నాకు ఒళ్లు మండేది. వ్యాపారం చేసుకునే చోట ఈ వేదాంతం ఏమిటని ఒకటి రెండుసార్లు విసుక్కున్నాను కూడా. ఆయన నొచ్చుకునేవారు కాదు. "ఆ మాట అబద్ధమైతే పట్టుకోవడం తేలికే. అది నిజానికీ అబద్ధానికీ మధ్య కట్టిన అరుగురా. ఎండకీ వానకీ అందరం దానిమీదే కూర్చుంటున్నాం" అన్నారు.

క్లాసులో కూడా అంతే. పాఠం అయ్యాక "ఎవరికి అర్థమైంది?" అని ఆయన ఎప్పుడూ అడగలేదు. "ఎవరికి అర్థం కాలేదు?" అని అడిగేవారు. ఎవరూ చెయ్యెత్తేవారు కాదు. "సరే, అయితే నాకే అర్థం కాలేదు" అని పాఠం మళ్లీ మొదటికి తీసుకెళ్లేవారు. వెనక బెంచీల్లో మేం నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వు ఆయనకు వినపడేది. అయినా మర్నాడు అదే ప్రశ్న అడిగేవారు.

టీ బాగోకపోతే అందరిలా మొహం చిట్లించుకుని తాగేసేవారు కాదు. గ్లాసు బల్ల మీద పెట్టి, "డికాషను మాడింది నాయనా, చూసుకో" అని నెమ్మదిగా చెప్పేవారు. ఒకసారి బస్టాండు దగ్గర టీకొట్టువాడు ఆ మాటకు గుడ్లురిమాడు. "మిమ్మల్ని ఎవురు పంపారండీ?" అని అడిగాడు. వాడికి పోటీగా అప్పుడే ఎదురుగా ఇంకో కొట్టు వెలిసింది లెండి. మేం ఇంటిదాకా నడిచి వస్తుంటే మాస్టారు దారంతా ఆ ప్రశ్నే నెమరేసుకున్నారు. "చూశావా? నేను టీ గురించి చెప్పాను. అతనికి టీ వినపడలేదు. అవతలి పార్టీ వినపడింది" అన్నారు. నేను నవ్వేశాను. ఆయన పరిశోధన అంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉందని నాకప్పుడు తట్టలేదు.

దాచేపల్లి అవతల ఒక చిన్న సిమెంటు ఫ్యాక్టరీ ఉండేది. నా సరుకు అక్కణ్ణుంచే వచ్చేది. లోడు కోసం నేను వెళ్లినప్పుడల్లా, కాలేజీకి సెలవైతే, మాస్టారు కూడా లారీ కేబిన్లో ఎక్కేవారు. ఫ్యాక్టరీ దగ్గరపడుతుంటే రోడ్డు పక్క చెట్లు, గొడ్లు, టీకొట్టు రేకులు అన్నీ తెల్లగా ఉండేవి. దిగేసరికి మా కనుబొమలు కూడా నెరిసేవి. "పొద్దున పడుచువాళ్లమై ఎక్కాం, ముసలాళ్లమై దిగాం" అని ఆయన ప్రతిసారీ అదే హాస్యం ఆడేవారు. డ్రైవరు ప్రతిసారీ నవ్వేవాడు.

అక్కడ గేటు లోపల కంపెనీ వాళ్లు ఒక రేకు బోర్డు తగిలించారు. ‘నాణ్యతా వలయం’ అని. కార్మికులు గుండ్రంగా కూర్చుని మాట్లాడుకునే జపాను పద్ధతికి ఎవరో పట్నంలో కూర్చుని పెట్టిన తెలుగు పేరు అది. వలయం అన్న మాట అక్కడ ఎవరి నోటా లేదు. సగం మంది దాన్ని వల అనుకున్నారు. బస్తాలెత్తే ముఠాకు పెద్ద ఒకాయన ఉండేవాడు, ముఠా మేస్త్రి అనేవారు. ఆయన మాస్టారిని గోడ వారకు పిలిచి అడిగాడు.

"సారూ, ఈ నాణ్యతా వల ఎవుర్ని పట్టటానికండీ?"

"వల కాదు మేస్త్రీ, వలయం. గుండ్రంగా అని. మీరూ, మేనేజరుగారూ, అందరూ చుట్టూ సమానంగా కూర్చుని, ఎక్కడ పని చెడుతోందో చెప్పుకోవడం."

"సెప్పినాక?"

"బాగు చేసుకోవడం."

మేస్త్రి తలగుడ్డ విప్పి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. "అయితే వలేనండీ" అన్నాడు. మాస్టారు ఆ మాటకు పడీపడీ నవ్వారు. తిరుగు ప్రయాణంలో మాత్రం దాన్నే తలుచుకుని దిగులుపడ్డారు.

తర్వాత జరిగింది జపాను వాళ్లు కలలో కూడా అనుకోనిది. ఆ ఊళ్లో రెండు పార్టీలు. పై బజారు, కింది బజారు అనేవారు. ఎప్పటి పంచాయతీ ఎన్నికల్లోనో మొదలైన తగాదా, ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి కూడా వచ్చింది. కంపెనీ వాళ్లు సెక్షనుకొక వలయం పెట్టుకోమన్నారు. వాళ్లు పార్టీకొక వలయం పెట్టుకున్నారు. పై బజారు వలయం కింది బజారు వాళ్లు చేసే పనుల్లో లోపాలు వెతికేది. కింది బజారు వలయం బదులు తీర్చుకునేది. లోపాలు కుప్పలుతెప్పలుగా బయటపడటం చూసి మేనేజరు మురిసిపోయాడు. పై ఆఫీసు నుంచి ఒక షీల్డు కూడా వచ్చింది. మాస్టారు రెండు వలయాల్లోనూ ఓ మూల కూర్చుని విన్నారు. "ఇంత చురుగ్గా తప్పులు పట్టేవాళ్లు ప్రపంచంలో ఎక్కడా ఉండర్రా. ఒక్కటే లోటు. మా తప్పు అన్నవాడు ఒక్కడూ లేడు" అన్నారు.

ఆ ఫ్యాక్టరీలో అసలు జబ్బు గోడౌను కప్పుది. రేకులు కారేవి. వానాకాలంలో అడుగు వరస బస్తాలు చెమ్మ పట్టి లోపల గడ్డ కట్టేవి. లోడెత్తే ముందు ముఠా వాళ్లు వాటిని దుడ్డుకర్రలతో బాది, చేతికి మెత్తగా తగిలేట్టు చేసి లారీలకు ఎక్కించేవారు. బాదితే గడ్డ పగులుతుంది గానీ పోయిన పట్టు తిరిగి రాదు. అది ముఠా మేస్త్రికి తెలుసు, మేనేజరుకు తెలుసు, నాకూ తెలుసు. నేను దగ్గరుండి పొడి బస్తాలే ఎక్కించుకునేవాణ్ణి. అలా చూసుకోనివాళ్ల గోడల్లోకి, గాబుల్లోకి, స్లాబుల్లోకి మిగతావి వెళ్లేవి.

రేకులు వేయించిన కాంట్రాక్టరు కింది బజారు పెద్ద. అందుచేత కప్పు కారుతోందని పై బజారు వలయం అంది. వాళ్లే ఎక్కి పగలగొట్టారని కింది బజారు వలయం అంది. అప్పటినుంచి కప్పు కారడమన్నది పై బజారు అభిప్రాయమైపోయింది. కారకపోవడం కింది బజారు అభిప్రాయం. వాన కూడా ఏదో ఒక పార్టీలో చేరకుండా కురవడానికి లేకపోయింది. ఒకరోజు డ్యూటీ దిగి వస్తూ కర్రలు తీశారు. ముఠా మేస్త్రి తమ్ముడి తల పగిలింది. పెద్దలు చేరి రాజీ చేశారు. ఇకమీదట ఫ్యాక్టరీలో ఎవరూ కప్పు మాట ఎత్తకూడదన్నది రాజీ షరతు.

రాజీ అయింది కాబట్టి రెండు వలయాలూ కలిపి ఒకటి చేయవచ్చన్నాడు మేనేజరు. మాస్టారు ఎన్నాళ్ల నుంచో అడుగుతున్నది అదే. ఆ సమావేశానికి నన్నూ రమ్మన్నారు. ఆయన మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. లారీలో వెళ్తూ, "ఒక్క మనిషి లేచి, ఇది చాలదు, ఇది బాగాలేదు అని అందరి ముందూ అంటే చాలురా. నా పరిశోధన పుస్తకానికి చివరి అధ్యాయం దొరికినట్టే" అన్నారు.

శ్రావణమాసం. గోడౌనులో ఒక పక్క బస్తాలు జరిపి, కుర్చీలూ బెంచీలూ గుండ్రంగా వేశారు. పై బజారు వాళ్లూ కింది బజారు వాళ్లూ కొత్త వియ్యంకుల్లా కూర్చున్నారు. బయట వాన అందుకుంది. మేనేజరు నాణ్యత గురించి మాట్లాడుతుండగా, వలయం మధ్యలో టప్పున ఒక చుక్క పడింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత మేనేజరు ఫైలు మీద పడింది. ఆయన మాట ఆపకుండానే ఫైలు తుడుచుకుని కుర్చీ కాస్త జరుపుకున్నాడు. ఒక ఫిట్టరు మెడ మీద పడితే, అతను దురద పెట్టినట్టు రుద్దుకుని బెంచీ చివరకు జరిగాడు. ఇంకో చోట ధార మొదలైతే నలుగురు ఒక్కసారే లేచి, ఏమీ కానట్టు, ఇటుపక్కకు వచ్చి కూర్చున్నారు. చూస్తుండగానే గుండ్రంగా వేసిన వలయం వంకరపోయింది. ఎవరూ తల పైకెత్తలేదు. నవ్వొచ్చింది నాకు. మాస్టారి వైపు చూసి ఆ నవ్వు మింగేశాను.

"లోపాలేమైనా ఉంటే నిర్భయంగా చెప్పండి" అన్నాడు మేనేజరు.

"ఏం లేవండీ" అన్నారు రెండు బజార్లవాళ్లూ ఒకే గొంతుతో. ఆ ఊళ్లో వాళ్లు ఏకమైన మాట బహుశా అదొక్కటే.

మాస్టారు లేచి నిలబడ్డారు. చుక్కలు ఆయన భుజం మీదే పడుతున్నాయి, జరగలేదు. "మేస్త్రీ, మీరేమన్నా చెప్తారా?" అని అడిగారు. ముఠా మేస్త్రి నోరు తెరిచాడు. ఆయన కళ్లు కప్పు దాకా వెళ్లి, ఎదుటి బెంచీ మీద కూర్చున్నవాళ్ల మీద వాలాయి. కండువాతో మొహం మీది నీళ్లు తుడుచుకున్నాడు.

"ఏముందిలెండి సారూ. సరిపోద్దిలెండి" అన్నాడు.

మేనేజరు అందరికీ ధన్యవాదాలు చెప్పి టీలు తెప్పించాడు. మేం లారీ ఎక్కాక మేస్త్రి తడుస్తూ కేబిన్ దగ్గరకొచ్చి తలుపు పట్టుకున్నాడు. "కోప్పడబాకండి సారూ. నేను కారతందంటే రేపు మళ్లీ కర్రలు లేస్తయ్. మా తమ్ముడి తల మొన్ననే మానింది" అన్నాడు.

"నాకేం కోపం లేదు మేస్త్రీ" అన్నారు మాస్టారు. "ఎప్పుడైనా, ఎక్కడైనా సరే, ఒక్కసారి పదిమందిలో చాలదు అనండి. నాకోసం."

"సూద్దాం లెండి" అన్నాడు మేస్త్రి. లారీ కదిలింది.

ఆ చుక్కల సంగతి ఆయన తన పుస్తకంలో ఒక పేరాగా రాశారు. యూనివర్సిటీలో ఆయనకు దారి చూపాల్సిన ప్రొఫెసరు ఆ పేరా కొట్టేశాడు. ఇది పరిశోధనా, పల్లెటూరి కబుర్లా అని అడిగాడు. ప్రశ్నల కాగితాలు పంచి పట్టికలు వేసుకురమ్మన్నాడు. మాస్టారు అదీ చేశారు. కాగితాలు పట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్తే, కార్మికులు ఎంతో మర్యాదగా, "ఏది పెట్టమంటారు సారూ? మీరు సెప్పండి, అదే పెడతాం. మీ సదువు ఆగిపోగూడదు" అన్నారు. వాళ్ల మంచితనమే ఆయన కొంప ముంచింది. అందరూ ‘పూర్తి సంతృప్తి’ దగ్గరే టిక్కు పెట్టారు. ప్రొఫెసరుకు ఆ పట్టికలు చాలా నచ్చాయి. చుక్కల పేరా తీసేసి ఇచ్చేయండి, డాక్టరేటు వచ్చేసినట్టే అన్నాడు.

ఆయన తీయలేదు. ఏళ్లు గడిచాయి. ఆయన తర్వాత చేరినవాళ్లు, సంతృప్తి పట్టికలతోనే, ఒక్కొక్కరూ డాక్టర్లయ్యారు. ఒకసారి నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు అమ్మగారు బియ్యం చేటతో వసారాలోకి వచ్చి నా ఎదుటే అడిగారు. "ఆ ఒక్క పేరా తీసేస్తే ఏం పోయిద్దండీ? మీరు రాసిన పుస్తకంలో మీ ఇష్టం వచ్చిందొకటి లేకపోతే కొంప మునుగుద్దా?"

"అది తీసేస్తే మిగిలేదంతా సరిపోద్దిలేనే" అన్నారాయన.

"సరిపోతే మంచిదే కదా!" అన్నారు అమ్మగారు. ఆవిడ గొంతులో ఎగతాళి లేదు, అలసట ఉంది. నేను ఆవిడ పక్షమే. ఇప్పటికీ ఆవిడ పక్షమే. ఆ చుక్కల పేరా ఎవరి చేతా కప్పు బాగు చేయించలేదు. ఎవరి గోడనూ నిలబెట్టలేదు. ఆయనకు రావాల్సిన గౌరవం ఒకటి రాకుండా ఆపింది, అంతే. ఈ మాట రాస్తుంటే నాకు ఆయన మీద కోపమే వస్తోంది. ఆయన ఉంటే ఆ కోపాన్ని కూడా శ్రద్ధగా విని, "ఇంకా చెప్పు" అనేవారు. "తప్పు చెప్పేవాడు శత్రువు కాదురా, కబురు పెట్టకుండా వచ్చిన చుట్టం. ముందు కాళ్లకు నీళ్లివ్వాలి" అని ఎప్పుడూ చెప్పేవారు మరి.

క్రితం ఏడు ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఆ సిమెంటు పేరు చెబితేనే కొనేవాళ్లు మొహం తిప్పుకునే రోజు వచ్చింది. రెండు బజార్ల వాళ్లూ కలిసే రోడ్డున పడ్డారు. నాణ్యతా వలయం అన్న రేకు బోర్డు ఎవరో పట్టుకెళ్లి మేకల దొడ్డికి తడికలా కట్టుకున్నారు. ముఠా మేస్త్రి బతుకుతెరువు కోసం మా ఊరొచ్చి మార్కెట్ యార్డులో బస్తాలు మోస్తున్నాడు. ఆ సంగతి చెబితే మాస్టారు "బాగున్నాడా?" అని మాత్రం అడిగారు.

ఈ మధ్య ఆయనలో ఒక మార్పు గమనించాను. టీ గ్లాసు వెనక్కివ్వడం మానేశారు. ఒకరోజు బస్టాండు దగ్గర ఇద్దరం తాగుతుంటే నాకే గొంతు దిగలేదు. "డికాషను మాడింది కదండీ?" అన్నాను. "తెలుసు" అని ఆయన గ్లాసు ఖాళీ చేశారు. టీకొట్టువాడు హాయిగా ఇంకో గ్లాసు పోశాడు. అదీ తాగారు. ఆ రోజే నాకు భయం వేసి ఉండాల్సింది.

కబురు తెలిసి నేను వెళ్లేసరికి అమ్మగారు గుమ్మంలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే ఏడవలేదు. ముందు సాయంత్రం నుంచే గుండెల్లో మంట అన్నారట. వీధి చివరి డాక్టరు గ్యాసని ఒక మాత్ర ఇచ్చాడట. తగ్గలేదు. గుంటూరు తీసుకెళ్దాం, కారు పిలిపిస్తానని ఆవిడ అన్నారట.

"ఏమన్నారో తెలుసా నాయనా?" అన్నారు అమ్మగారు. "ఈ మాత్ర సరిపోద్దిలే, పొద్దున చూద్దాం అన్నారు. ఆయన్ని కట్టుకున్న కాడ్నుంచీ ఆ మాట ఆయన నోట ఇదే వినటం. ఇన్నాళ్లకు మాలో కలిశారే అని సంతోషపడ్డా నాయనా. సంతోషపడి పడుకున్నా." అప్పుడు ఏడ్చారు.

మధ్యాహ్నం దాటాక శ్మశానానికి తీసుకెళ్లాం. వాన ఆగి ఆగి పడుతోంది. అమ్మగారి తమ్ముడు అడితి నుంచి ఒక బండి కట్టెలు తెప్పించాడు. తుమ్మ మొద్దులు, సగానికి పైగా తడిసినవే. పేర్చాక చూస్తే చితి నడుం ఎత్తు కూడా లేదు. కాలేజీ వాళ్లు, కొందరు పాత విద్యార్థులు, గొడుగుల కింద నిలబడి ఉన్నాం. అందరం చూశాం. ఎవరం మాట్లాడలేదు. చావు దగ్గర లోపాలు ఎంచడం ఏం మర్యాద అని నేనూ ఊరుకున్నాను.

అప్పుడు వెనకనుంచి ఒక గొంతు, "చాలవండీ" అంది.

తిరిగి చూశాం. ముఠా మేస్త్రి. వానకు తల మీద గోనెసంచి మడిచి కప్పుకుని, కాళ్లకు మోకాళ్లదాకా బురదతో ఉన్నాడు. యార్డులో పని మధ్యలోంచి వచ్చినట్టున్నాడు. గొడుగుల మధ్య నుంచి ముందుకొచ్చి, అందరికీ వినపడేట్టు మళ్లీ అన్నాడు. "ఈ కట్టెలు చాలవండీ. పచ్చివి. ఇంకో బండి తెప్పించండి."

అమ్మగారి తమ్ముడికి అతనెవరో తెలియదు. పొద్దుటినుంచి తిరిగి తిరిగి అలిసిపోయి ఉన్నాడు పాపం. "నువ్వెవరయ్యా? నిన్నెవరు పంపారు?" అన్నాడు.

మేస్త్రి చితి మీద పడుకోబెట్టిన మనిషి వైపు చూశాడు. "సారేనండీ" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు, నాకు తప్ప. ఆ మాట కోసం మాస్టారు ఎన్నిసార్లు లారీ ఎక్కారో, ఎంత దుమ్ము మింగారో నాకు తెలుసు. అనాల్సినవాడు అన్నాడు. వినాల్సిన చెవులు చల్లబడిపోయాయి. ఇంతలో పెద్దవాళ్లెవరో, "మబ్బు మళ్లీ కమ్ముకొస్తంది, ఇంకో బండి అంటే చీకటి పడిద్ది. సరిపోద్దిలే, కానియ్యండి" అన్నారు. కిరసనాయిలు పోసి నిప్పు పెట్టారు. మేస్త్రి వాదించలేదు. గోనెసంచి సర్దుకుని అడితి ఉన్న వైపు గబగబా నడిచి వెళ్లిపోయాడు. మంట ముందు ఆర్భాటంగా లేచి, తర్వాత కుంగి, మొద్దుల్లోంచి పొగ నేల మీదుగా మా కాళ్ల దాకా పాకింది. కళ్లు మండి అందరం కండువాలు అడ్డం పెట్టుకున్నాం.

కాటికాపరికి అప్పజెప్పి, బోరింగు దగ్గర స్నానాలు చేసి, తడిబట్టలతో వరసగా బయలుదేరాం. చితి వైపు వెనక్కి తిరిగి చూడకూడదని మా ఆచారం. పెద్దాయన ఒకరు ముందు నడుస్తూ అందరికీ గుర్తు చేశాడు. సగం దారిలో ముఠా మేస్త్రి ఎదురొచ్చాడు. బండి దొరికినట్టు లేదు. భుజం మీద ఒక పెద్ద మొద్దు వేసుకుని, దాని బరువుకు ఒక పక్కకు ఒరిగి, మా వరసను దాటుకుంటూ వెళ్లాడు. ఎవరి మొహమూ చూడలేదు, ఏమీ అడగలేదు. కాసేపటికి వెనక నుంచి దబ్బుమని మొద్దు నేలన పడిన చప్పుడు వినపడింది. మేమంతా తలలు వంచుకుని ఇళ్లకు నడిచాం. సరిపోయిందో లేదో ఎవరం చూడలేదు.